నాయన హిందూపురం మేనేజరైన ఏడాది

మొన్న హిందూపురంలో సరళ ఇంటికి వెళ్ళాను. సరళ నా చిన్ననాటి స్నేహితురాలు. మోకాలి ఆపరేషను చేయించుకుని మంచం మీద ఉందంటే చూసి రావాలని పెనుకొండలో పొద్దున్నే ప్యాసింజరెక్కాను. మేమిద్దరం లోపలి గదిలో మాట్లాడుకుంటూ ఉంటే ముందు హాల్లో ఆమె మనవళ్ళు, వాళ్ళ స్నేహితులు ఫోన్లు ముందేసుకుని ఒకటే అరుపులు. ఏమిటని అడిగితే సరళ నవ్వింది. ఎక్కడో సముద్రాల అవతల ఒక ఫుట్‌బాల్ క్లబ్బట. వీళ్ళంతా దాని అభిమానులట. ఏళ్ళ తరబడి తమకు బద్ధశత్రువుగా ఉన్న ఇంకో క్లబ్బు మేనేజర్ని ఆ క్లబ్బువాళ్ళు పిలిచి తమ మేనేజరుగా పెట్టుకున్నారట. ఇంట్లో రెండు రోజులుగా ఇదే గొడవట.

"మన మీద గెలిచి, మన గ్రౌండ్లోనే చేతులూపి నవ్విన్యాడప్పా ఆయప్ప. ఇప్పుడు మనోడెట్లయితాడు?" అంటున్నాడు ఒకడు. "గెలిచేది తెలిసినోడు గాబట్టే తెచ్చుకున్న్యారు. నీకు కప్పు గావల్నా, రోషం గావల్నా?" అని ఇంకొకడు. "రెండూ గావల్ల" అని మూడోవాడు. వాళ్ళందరిలోకీ చిన్నవాడు ఫోనులో ఏదో చదివి, "ఆయప్ప పెండ్లాం పిల్లోళ్ళు పాత ఊర్లోనే ఉంటారంట, రారంట" అన్నాడు. ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు. వాదన మళ్ళీ ఎవరిని ఆడించాలి, ఎవరిని కూర్చోబెట్టాలి అన్నదాని మీదికి పోయింది. ఆ తర్వాత సరళ చెప్పిందేదీ నేను సరిగా వినలేదు. అది కనిపెట్టి ఆమే అడిగింది, "మీ నాయన మతికొచ్చినాడా?" అని. అవునన్నాను. మా నాయన అలాంటి మేనేజరే.

మాది ధర్మవరం. నాయన పేరు గోపాలప్ప, పట్టుచీరలు నేసేవాడు. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోతే నన్ను పెంచింది నాయన తల్లి, మా అవ్వ. ముందు గదిలో గుంతమగ్గం, వెనక గదిలో వంట, మధ్యలో మేము. తెల్లవారుజామున అవ్వ వాకిలి చిమ్మి, సంగటికి ఎసరు పెట్టేవేళకు నాయన గ్రౌండు నుంచి తిరిగి వచ్చేవాడు. కాళ్ళకు మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. అవ్వ చెంబు నీళ్ళు గడప దగ్గరే పెట్టి ఉంచేది. పట్టుకు మట్టి తగిలితే చీర పాడవుతుందని, పాదాలు రుద్ది కడుక్కుంటే గానీ మగ్గం గుంతలోకి దిగనిచ్చేది కాదు. పగలంతా నాడె అటూ ఇటూ పోయే చప్పుడు, పొద్దు వాలగానే నాయన మళ్ళీ గ్రౌండుకు. ఇల్లంతా కొత్త పట్టు వాసన, అవ్వ నమిలే వక్కాకు వాసన, నాయన మోకాలికి రాసుకునే ఆవనూనె వాసన కలిసి ఉండేవి. ఆయన ఒకప్పుడు బాగా ఆడేవాడట. మోకాలు దెబ్బ తిన్నాక ఆడించడం మొదలుపెట్టాడు. కోచ్ అన్న మాట ఆ రోజుల్లో మా వైపు ఎవరూ అనేవాళ్ళు కాదు. ఆట నేర్పించేవాడు, పోట్లాటలు తీర్చేవాడు, బూట్లు కుట్టించుకొచ్చేవాడు, ఓడిపోతే తిట్లు తినేవాడు, అందరూ ఒకడే, అతన్నే మేనేజరనేవాళ్ళు.

నాయన జట్టులో గోల్‌కీపరు రసూల్. పట్టునూలుకు రంగులద్దే పని అతనిది. వేళ్ళు ఒక వారం ఎర్రగా, ఒక వారం పచ్చగా ఉండేవి. సగం రోజులు మా ఇంట్లోనే తినేవాడు. నేను చిన్నాయనా అని పిలిచేదాన్ని. అవ్వ అతని ముద్దలో నెయ్యి ఎక్కువ వేస్తుందని నాయన ఎగతాళి చేసేవాడు. రసూల్‌కు చిన్నతనంలో ఎడమ భుజం జారింది. ఎంత సాధన చేసినా ఎడమ పక్క కిందికి వచ్చే బంతికి దూకడంలో ఒక్క రెప్పపాటు వెనకబడేవాడు. దాన్ని పోగొట్టడానికి నాయన అతన్ని మిగతావాళ్ళకంటే ముందే, చీకటితోనే గ్రౌండుకు పిలిపించుకునేవాడు. బంతులు ఏరిచ్చేది నేను. ఆ లోపం మా ముగ్గురికి తప్ప ఇంకెవరికీ తెలియదు. బయటివాళ్ళ దృష్టిలో రసూల్‌ను దాటి బంతి పోవడమంటే గొప్పే.

ధర్మవరానికీ హిందూపురానికీ పడేది కాదు. రెండూ ఒకే రైలుదారి మీద ఉన్న ఊళ్ళు, మధ్యలో పెనుకొండ. కాబట్టి ఏ పోటీ ఆఖరాట అయినా పెనుకొండలోనే, కొండ కింద గ్రౌండులో పెట్టేవాళ్ళు. ఈ వైపు రైల్లో మేము, ఆ వైపు రైల్లో వాళ్ళు. నాయన మేనేజరయ్యాక అక్కడ గెలుపు మాదే అవుతూ వచ్చింది. హిందూపురం వాళ్ళు తిరుగు రైలెక్కుతుంటే మావాళ్ళు ప్లాట్‌ఫారం మీద నిలబడి చేసిన వెక్కిరింతలు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం హిందూపురం నుంచి ఇద్దరు పెద్దమనుషులు జీపులో వచ్చారు. ఎవరో చీరలకు వచ్చారనుకుని అవ్వ సంగటి, శెనక్కాయల ఊరిబిండి వడ్డించింది. వాళ్ళు తృప్తిగా తిని, చేతులు కడుక్కుని, నాయనతో అరుగు మీద చాలాసేపు గొంతు తగ్గించి మాట్లాడి పోయారు. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. చీకటి పడేసరికి మా అరుగు నిండా మనుషులు.

"హిందూపురానికి మేనేజరుగా పోతాండావంట. దుడ్లెంత ఇస్తాండారు గోపాలప్పా?"

"మనోళ్ళ ఆటంతా మోసకపోయి వాళ్ళ చేతిలో పెడతావా?"

"పోనీలేప్పా, ఆయప్ప బతుకు ఆయప్పది" అని ఒకరిద్దరు అనకపోలేదు. వాళ్ళను మిగతావాళ్ళు మాట్లాడనివ్వలేదు. నాయన స్తంభానికి ఆనుకుని వింటూ కూర్చున్నాడు. అందరూ వెళ్ళాక రసూల్ ఒక్కడే మిగిలాడు.

"నిజమేనా అన్నా?"

"నిజమే."

"నాకు ముందే చెప్పింటే ఏమయితాండె?"

"చెప్పింటే నువ్వు వద్దంటావు. నువ్వు వద్దంటే నేను పోలేను."

రసూల్ లేచి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి మా ఇంట్లో తినలేదు. అవ్వ మాత్రం ఒక్కటే మాట అంది, "నువ్వు పో. నేను ఈడ్నే ఉంటా. చచ్చేది ఈ ఇంట్లోనే." నన్ను కూడా ఉంచుకుంటానంది గానీ, ఆయన్ను ఒంటరిగా పంపడానికి నాకే మనసొప్పలేదు. రైల్లో పెనుకొండ దాటాక ఉండబట్టలేక అడిగాను, "యాల పోతాండాం నాయనా?" అని. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. "మన ఊర్లో క్లబ్బు కమిటీవాళ్ళు వాళ్ళ కొడుకుల్ని, అల్లుళ్ళని జట్టులో పెడతారు. మిగిలినోళ్ళతో నేను ఆడిపిస్తా. నా పదకొండు మందిని నేనే ఎంచుకోవల్లని ఉండాదమ్మా. ఒక్కసారన్నా. వాళ్ళు ఆ మాటిచ్చినారు." ఊరంతా దుడ్ల కోసమనుకుంది, అసలు సంగతి ఇదీ. ఆయన ఈ మాట ఊళ్ళో ఎవరికీ ఎందుకు చెప్పలేదో నాకు అప్పుడు అర్థం కాలేదు. చెబితే కమిటీవాళ్ళ పరువు పోతుందని ఊరుకున్నాడేమోనని ఇప్పుడనుకుంటాను.

హిందూపురం క్లబ్బుకు పెద్దగా ఉన్నాయన పట్టుగూళ్ళ వ్యాపారి. తన నూలు షెడ్డులో నాయనకు పని ఇచ్చాడు. బజారు వీధిలో ఒక హోటలు మీద ఉన్న మేడ గది మా ఇల్లయింది. ధర్మవరం పట్టు వాసన తెలిసిన నాకు ఉడికిన పట్టుగూళ్ళ వాసన పడేది కాదు. నాయన షెడ్డు నుంచి రాగానే చొక్కా తీసి బయట దండెం మీద వేసేవాడు. వీధిలోకి దిగితే చింతపండు, బెల్లం, మిరపకాయల ఘాటు. వంట నేనే చేసేదాన్ని. సంగటి గడ్డలు కట్టేది. ఆయన గడ్డలతో సహా తినేసి "బాగుండాదమ్మా" అనేవాడు. బడిలో నన్ను ఎవరూ ఒక మాట అనలేదు, అసలు పలకరించనే లేదు. "ధర్మవరం పిల్ల" అని చెవులు కొరుక్కునేవాళ్ళు. నా బెంచీలో నా పక్క చోటు చాలా రోజులు ఖాళీగానే ఉండిపోయింది.

పొద్దుగూకాక కింద హోటల్లో ఫుట్‌బాల్ పిచ్చోళ్ళు చేరేవాళ్ళు. మా గది నేల చెక్కలది. కింద గ్లాసు పెట్టిన చప్పుడు కూడా పైకి వినిపించేది. పైన మేమున్నామని తెలుసు, అయినా గొంతు తగ్గించేవాళ్ళు కాదు.

"ధర్మవరపోడు మనోడెట్లయితాడప్పా? ఆయప్ప తల్లి ఇంగా ఆ ఊర్లోనే ఉండాది. మన గుట్టంతా ఆడికి చేరవేస్తాడు, చూస్తాండు."

"ఇన్నేండ్లు మనల్ని ఓడగొట్టినోనికి మన గుట్టు కొత్తగా చెప్పల్నా? వాళ్ళ గుట్టు మనకు చెప్పల్ల గానీ!"

"చెప్తాడంటావా?"

"చెప్పకుంటే యాటికి తెచ్చుకుంటిమి?"

హోటలు నడిపే సంజీవప్ప మాత్రం, "నా మేడ మీద ఉండే మనిషి. పొద్దున్నే నాలుక్కి లేచి గ్రౌండుకు పోతాడు. మీరెవురన్నా పోతారా?" అని కసిరేవాడు. సరళ ఆయన కూతురే. కొన్నాళ్ళకు తండ్రి పంపిస్తే కాఫీ పట్టుకుని పైకి వచ్చింది, కూర్చుంది, మర్నాడు బడిలో నా పక్కకు వచ్చింది. ఆ ఏడాదంతా నాతో మాట్లాడిన పిల్ల ఆమె ఒక్కతే. కింద వాదన ముదిరినప్పుడు నాయన తలవంచుకుని, "అన్నం తినమ్మా, చల్లారిపోతాది" అనేవాడు. ఆయనతో మాట్లాడేవాళ్ళు అట్లా ఒక్కరు కూడా లేరు. ఆటగాళ్ళు చెప్పింది చేసేవాళ్ళు, చేసి ఇళ్ళకు పోయేవాళ్ళు. ధర్మవరంలో మాదిరి ఎవరూ ఇంటికొచ్చి ముద్ద అడగలేదు. ఆదివారాలు గది గుమ్మంలో కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటూ వీధిని చూసేవాడు. మెట్ల మీద అడుగుల చప్పుడైతే తల తిప్పేవాడు. అది ఎప్పుడూ హోటలు పనివాళ్ళదే.

అయినా జట్టును నిలబెట్టాడు. తన పదకొండు మందిని తనే ఎంచుకున్నాడు. వాళ్ళలో చిలమత్తూరులో గొర్రెలు కాసుకునే ఇంటి నుంచి వచ్చిన శీనప్ప అనే కుర్రవాడు కూడా ఉన్నాడు. గోల్స్ కొట్టేది ఎక్కువగా అతనే. ఒక్కొక్క ఊరినీ ఓడించుకుంటూ ఆఖరాటకు వచ్చాం. అవతల ధర్మవరం. ఆటకు ముందు రోజు సాయంత్రం శీనప్ప మా గదికి వచ్చాడు. నేను ఎర్రగడ్డలు తరుగుతున్నాను. నాయన చాలాసేపు ఏదేదో మాట్లాడి, చివరికి గొంతు తగ్గించాడు.

"పెనాల్టీ వస్తే ఎడమ పక్క, కిందికి కొట్టు. నీ ఎడమ కాదు, కీపరు ఎడమ. వాడు ఆడ రెప్పపాటు ఆలస్యమయితాడు."

శీనప్ప వెళ్ళాక నాయన నీళ్ళడిగాడు. ఇస్తే తాగకుండా చెంబు పట్టుకుని కూర్చున్నాడు.

"విన్న్యావా?"

"విన్న్యా."

"ఈడి ఉప్పు తింటాండాం గదమ్మా" అన్నాడు. ఎర్రగడ్డలు తరుగుతున్నాను కాబట్టి కళ్ళనీళ్ళు తుడుచుకోనక్కరలేకపోయింది.

మర్నాడు పెనుకొండలో గ్రౌండు చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. ఒక వైపు ధర్మవరం, ఒక వైపు హిందూపురం. పుట్టి బుద్ధెరిగి ఏ ఆటా చూడని అవ్వ, నన్ను చూడాలని ధర్మవరం వాళ్ళ రైల్లోనే సద్దిమూట కట్టుకుని వచ్చింది. రైల్లో ఆమెతో ఎవరూ మాట్లాడలేదట. ఇద్దరం ఏ వైపూ కూర్చోలేక, ఒక గోల్ వెనక ఎండలో కూర్చున్నాం. "చిక్కిపోయినావు" అంది అవ్వ. బాగానే తింటున్నానన్నాను. "నేనొండింది గాదులే" అంది.

ఆట ఎంతసేపటికీ తెగలేదు. ఇంకాసేపట్లో అయిపోతుందనగా ధర్మవరం కుర్రవాడొకడు గోల్ ముందు శీనప్పను పడదోశాడు. పెనాల్టీ. ఆ గోల్ మా ముందుదే. రసూల్ చిన్నాయన వీపు మాకు కనబడుతోంది. శీనప్ప బంతి పెట్టి వెనక్కి నడుస్తున్నంతసేపూ, రసూల్ అతన్ని చూడలేదు. గ్రౌండు అవతల గీత దగ్గర నిలబడి ఉన్న నాయన వైపు చూశాడు. నాయన తల వంచుకున్నాడు. శీనప్ప పరుగెత్తుకొచ్చి ఎడమ పక్కకు, కిందికి కొట్టాడు. రసూల్ కుడి పక్కకు దూకాడు. ఆలస్యమవడం కాదు, అసలు ఆ పక్కకే పోలేదు.

హిందూపురం వాళ్ళు గ్రౌండులోకి ఉరికి శీనప్పను భుజాల మీద ఎత్తుకున్నారు. నాయనను ఎవరూ ఎత్తుకోలేదు. ఆయన ఆ గుంపును దాటుకుని, చేయి చాచి రసూల్ దగ్గరికి వెళ్ళాడు. రసూల్ చేతి తొడుగులు విప్పుకుంటూ నేల చూపులు చూస్తూ పక్కనుంచి నడిచిపోయాడు. ధర్మవరం వైపు నుంచి బూతులు. ఒక చెప్పు వచ్చి నాయన భుజానికి తగిలింది. ఏడాదిగా కొడుకు పేరెత్తని అవ్వ లేచి, కొంగు నడుముకు దోపి, ఆ గుంపు ముందుకు పోయింది. "నా కొడుకును తిట్టల్లంటే నేను తిడతా. మీరెవుర్రా కొట్టేకి? ఆ చెప్పేసినోడు రాండి ముందుకు!" ఎవరూ రాలేదు. ఆ తర్వాత నాయనతో ఒక్క మాటైనా మాట్లాడకుండా, నాకు సద్దిమూట ఇచ్చి, ఆ చెప్పు వేసినవాళ్ళతోనే అదే రైలెక్కి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి హోటల్లో పండగ. నాయన పేరు కూడా రెండు మూడుసార్లు గట్టిగా వినిపించింది. పైకి వచ్చి పిలుస్తారేమోనని ఆయన ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. శీనప్ప గర్వంగా, మేనేజరు తనకు ఏం చెప్పాడో అందరికీ చెబుతున్నాడు. కేకలు కొద్దికొద్దిగా తగ్గాయి. ఎవరో అన్నారు, "సొంతూరి గుట్టు చెప్పినోడు, రేపు మన గుట్టు చెప్పడా?" సంజీవప్ప కూడా ఈసారి కసరలేదు. నాయన లేచి చొక్కా విప్పి దండెం మీద వేశాడు. మరుసటి ఏడు వాళ్ళు వేరే మేనేజర్ని పెట్టుకున్నారు.

ఆ చలికాలంలోనే అవ్వ పోయింది, తను అన్నట్టే ఆ ఇంట్లోనే. ధర్మవరం వెళ్ళాం. చుట్టాలు వచ్చారు గానీ జట్టువాళ్ళు రాలేదు. సాయంత్రం రసూల్ ఒక్కడే వచ్చాడు. వేళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి. అరుగు మీద నాయన పక్కన కూర్చుని, అవ్వ గురించి నాలుగు మాటలు మాట్లాడి, తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"శీనప్పకు నువ్వే చెప్పినావు గదన్నా?"

"చెప్పినా."

"నాకు తెలీక గాదు. నువ్వు చెప్పింటే వాడు ఎడమకే కొడతాడు, ముందే ఆ పక్కకు దూకితే దొరుకుతాదని మతిలో ఉండె. మళ్ళీ అనుకున్న్యా, అన్న చెప్పడులే, నా సంగతి అన్న చెప్పడు అని. అందుకే వాడెప్పుడూ కొట్టే పక్కకు, కుడికి దూకినా."

నాయన అన్నాడు, "గోల్‌లో నిలబడినోడు ఎవర్నీ నమ్మకూడదని నేనే కదరా నీకు చెప్పింది."

"చెప్పినావు. నిన్ను గూడా నమ్మొద్దని చెప్పలే."

రసూల్ గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే నాయనకు తేలికయ్యేది. లోపల నేను పెట్టిన కాఫీ అతను తాగాడు, లోటా కడిగిచ్చాడు, వెళ్ళాడు.

ఆ తర్వాత నాయన ధర్మవరంలో ఉండలేకపోయాడు, హిందూపురానికి తిరిగి పోలేకపోయాడు. రెండింటి మధ్యలో, పెనుకొండలో ఒక మగ్గం పెట్టుకున్నాడు. నేను అక్కడే చదువుకుని, అక్కడే బళ్ళో పంతులమ్మనై, పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా ఆయనను చూసి వాయిదా వేసి, చివరికి ఆ మాటే రాకుండా చేసుకున్నాను. గ్రౌండు మా ఇంటికి నాలుగు అడుగుల దూరం. అయినా సాయంత్రం షికారుకు ఆయన ఎప్పుడూ అటు పోకుండా స్టేషను దారి పట్టేవాడు. ఈనాటి పిల్లలు ఒక మేనేజర్ని ద్రోహి అనీ, మొనగాడు అనీ ఫోన్లలో ఎంతైనా తిట్టుకోవచ్చు, పొగుడుకోవచ్చు. వాళ్ళకు అతని ఇంటి పొయ్యి వాసన తెలియదు. మా రోజుల్లో తిట్టేవాళ్ళకు మా పొయ్యి మీద ఏం ఉడుకుతోందో కూడా తెలుసు. అది ఎక్కువ బాధో, తక్కువ బాధో చెప్పలేను. తిట్టే గొంతు ఎవరిదో గుర్తుపట్టగలిగే వాళ్ళం, అంతే.

నాయన కిందటేడు పోయాడు. మూడోనాడు పలకరించడానికి ధర్మవరం నుంచి నలుగురు, హిందూపురం నుంచి ముగ్గురు ముసలివాళ్ళు వచ్చారు. రసూల్ చిన్నాయన మనవడి చేయి పట్టుకుని వచ్చాడు. నేను రెండు చాపలు పరిచాను. ఏ ఊరివాళ్ళు ఆ ఊరివాళ్ళతో కూర్చున్నారు. నేను లోపల కాఫీ కలుపుతుంటే మెల్లగా మొదలైంది.

"మా ఊర్లో పుట్టిన మనిషి. మాకు ఆట నేర్పించిందే ఆయప్ప."

"పుట్టింటే ఏమబ్బా? కప్పు తెచ్చిచ్చింది మాకు. మా మేనేజరు ఆయప్ప."

"మీరేం పెట్టుకుంటిరి? ఒక్క ఏడు పెట్టుకుని పంపిస్తిరి."

"మీరు చెప్పు ఇసిరితిరి గదప్పా!"

చావింట్లో ఉన్నామన్న సంగతి మరిచి గొంతులు పెంచారు. వంటగది గడప దగ్గర నిలబడి నేను వింటూ ఉండిపోయాను. రసూల్ చిన్నాయన ఏ చాప మీదా కూర్చోలేదు. గోడకానుకుని నాయన ఫోటో వైపు చూస్తున్నాడు. కాఫీలు తాగారు. వాదన ఎటూ తెగకముందే రైళ్ళకు వేళయిందని ఎవరో అన్నారు. "ధర్మవరం వచ్చేయమ్మా, ఒక్కదానివే ఈడేం జేస్తావు?" అన్నాడు చిన్నాయన. చూస్తానన్నాను. అందరితో పాటు స్టేషను దాకా నడిచాను. ముందు ధర్మవరం బండి, దాని వెనకే హిందూపురం బండి వచ్చాయి. ఇంటికి తిరిగొచ్చి గ్లాసులు కడిగాను, చాపలు దులిపి చుట్టాను. వాళ్ళు ఇంకో బండి దాకా ఉండి వాదించుకుని ఉంటే బాగుండేదనిపించింది.